ఉంగరాల జుట్టుకు ప్రవేశం లేదు

దీనికంతటికీ కారణం మీరే. రేడియో ఫ్యాక్టరీ ఆఫీసులో ఫ్యాను కింద కూర్చుని హుకుములు రాసే దొరలారా, మీరే! బెంగళూరులో ఒక ఆడమనిషి తల ఇస్త్రీ పెట్టె కిందికి వెళ్ళిందంటే ఆ పాపం మీది.

జరిగింది చెబుతాను, వినండి.

మీ గేటు వాచ్‌మన్లు మా మొహాల్లోకి తేరిపార చూస్తున్నారని, రాగితీగ చుట్టే విభాగంలోని నలభై రెండు మంది ఆడవాళ్ళమూ నిరుడు ఫిర్యాదు చేశాం. న్యాయమైన ఫిర్యాదు. మీరేం చేశారు? ఏడాది ఆలోచించి ఉత్తర్వు వేశారు. గేటు దగ్గర ఆడవాళ్ళ మొహం చూడరాదట. కార్డులోని ఫోటోతో జుట్టు మాత్రం పోల్చి చూడాలట. ఆహా, ఏం బుర్ర!

సోమవారం కొత్త కార్డులు చేతికిచ్చారు. వాచ్‌మన్ వెంకటగిరియప్ప నియమం గల మనిషి. తల వంచుకునే పని చేస్తాడు. మా విభాగంలోని రత్నమ్మ కార్డు చూశాడు. ఆమె పాపిట చూశాడు.

“ఫోటోలో జుట్టు సాపుగా ఉండాది. నీది ఉంగరాలు ఉంగరాలుగా ఉండాది. వెనక్కి పోమ్మా.”

“నన్నెరగవా అప్పా? మూడేండ్లాయె ఈ గేటు తొక్కబట్టి!”

“గొంతు ఎరుగుదు. గొంతు చూడమని రాయలేదు.”

ఆమెతో పాటు ఇంకో పదిమందిని వెనక్కి పంపాడు. అందరివీ ఉంగరాలే.

కార్డు మార్చమని అర్జీ పెట్టుకోవచ్చు. అర్జీ ఆఫీసులో స్వయంగా ఇవ్వాలి. ఆఫీసు గేటు లోపల ఉంది. గేటు దాటాలంటే కార్డుకు జుట్టు సరిపోవాలి. వరుసగా మూడు రోజులు రాకపోతే పేరు కొట్టేస్తారు. ఇదీ మీ చట్టం.

ఫోటోలు తీసింది నిరుడు. ఆ తర్వాత రత్నమ్మకు టైఫాయిడ్ వచ్చింది. జుట్టంతా రాలిపోయి మళ్ళీ మొలిచింది, పలచగా, మెలికలు తిరిగి. మొగుడు లేడు. ఆ ఉద్యోగం పోతే తనకూ, అత్త సొన్నమ్మకూ పొయ్యి వెలగదు.

మంగళవారం చిక్కపేట వెనక సందులో సొన్నమ్మ ఇస్త్రీ పెట్టెలో బొగ్గులు రాజేసింది. కోడలి తల పీట మీద పెట్టించింది. జుట్టు మీద తడిగుడ్డ పరిచి పెట్టె ఆనించింది. చుయ్‌మంది. కమురు వాసన. చిటికెడు జుట్టు గుడ్డకు అంటుకుని వచ్చేసింది.

“అయ్యో, పట్టుచీర తాళింది కదే ఈ వేడికి!” అంది సొన్నమ్మ.

“నేను చీరనా అత్తా?”

సాయంత్రం షిఫ్టు దిగి హన్నా పరుగున వచ్చింది. నెల్లూరు నుంచి వచ్చిన కుటుంబం, రెండు వీధుల అవతల కాపురం, రత్నమ్మ విభాగంలోనే పని. గీత గీసినట్టు వీపు మీదికి నిలువుగా దిగే జుట్టు.

“నిప్పు తీసెయ్యండి పెద్దమ్మా! అసలే పలచని జుట్టు, కాలితే ఇంకేం మిగలదు. బెండకాయలున్నాయా?”

“పులుసుకి తెచ్చినవి ఉండాయి.”

“ఉడకబెట్టండి.”

జిగురు వడకట్టారు. హన్నా శీకాయతో రత్నమ్మ తల రుద్దింది. తడిని పిండకుండా గుడ్డతో అద్దింది. జిగురులో రెండు చుక్కలు ఆముదం కలిపి పట్టించి, పెద్ద పళ్ళ దువ్వెనతో కొసల నుంచి మొదలుపెట్టి చిక్కు తీసింది. జుట్టును తల చుట్టూ చదునుగా చుట్టి పాత పంచె కట్టింది.

“ఆరేదాకా విప్పకు వదినా. లాగకు.”

“నీకేంలే తల్లీ, పుట్టుకతోనే సాపు జుట్టు. గేటులో నిన్నొక్క మాట అనలేదు,” అంది సొన్నమ్మ. “మా పులుసు చూడు, దీని నెత్తికెక్కె.”

హన్నా ముఖం చిన్నబోయింది. “అందుకే కదా పెద్దమ్మా, నిన్నటి నుంచి ఇంటింటికీ తిరిగి తలలు దువ్వుతున్నాను.”

బుధవారం. మూడో రోజు. పంచె విప్పితే రత్నమ్మ జుట్టు పరిచిన చాపలా ఉంది. సొన్నమ్మ దిష్టి తీసింది. బయట చూస్తే తుంపర! తడి తగిలితే మళ్ళీ ఉంగరాలే. హన్నా తన గొడుగు రత్నమ్మ నెత్తిన పట్టి, తాను తడుస్తూ గేటు దాకా నడిచింది.

గేటు దగ్గర ఆడవాళ్ళ వరుస. చాలా తలలు జిగురుతో మెరుస్తున్నాయి. ఎవరూ మెడ తిప్పడం లేదు.

వెంకటగిరియప్ప కార్డు చూశాడు. జుట్టు చూశాడు. సరిగ్గా అప్పుడే చెవి పక్కన ఒక పాయ మెల్లగా మెలిక తిరగసాగింది.

“అదేంది?”

“ఈగ!” అని హన్నా దానిమీద ఫట్‌మని అరచెయ్యి వేసి అలాగే అదిమి పట్టుకుంది.

వెంకటగిరియప్ప కాసేపు ఆలోచించాడు. ఉత్తర్వులో ఈగల సంగతి లేదు.

“సరే, పో.”

రత్నమ్మ తిన్నగా ఆఫీసుకు వెళ్ళి అర్జీ ఇచ్చింది. గుమాస్తా వెంకటరమణ మీ హుకుం ప్రకారం ఆమె మొహం చూడలేదు. కార్డు చూశాడు, జుట్టు చూశాడు.

“లోపలికి ఎట్ల వస్తివి?”

“గేటులోంచే సార్.”

“అంటే కార్డుకీ నీకూ సరిపోయినట్టే కదమ్మా. సరిపోయిన కార్డు మార్చేదానికి రూలు లేదు.”

అర్జీ వెనక్కి ఇచ్చేశాడు. ఆ ఇంట్లో ఇక రోజూ బెండకాయలే, పులుసుకు మాత్రం కాదు.

దొరలారా, మా డిమాండు ఒక్కటే. రేపు పొద్దున సైరన్ మోగేలోపల, ఆ మిగతా నలభై ఒక్క కార్డుల మీద నుంచి, మొహం చూడకుండా మీ ఆఫీసు అందరికీ ఒకటే అంటించిన హన్నా ఫోటో పీకేసి, ఎవరి మొహం వాళ్ళకు అతికించండి!