నిమ్మకాయలు తొక్కని బండి

మనుషులు నడపక్కర్లేని బళ్ళొచ్చాక కూడా, భీమిలిలో చేపలమ్మే నూకరత్నం తన బండికి ఆయుధపూజ మానలేదు. అడ్డున్నదేదీ తొక్కకూడదని నేర్చిన బండి అది. అందుకే చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి ఏటా తనే తోసి తొక్కించేది. ఈసారి తోసేలోగా పుట్టింటి నుంచి చావు కబురొచ్చింది. అలాగే వదిలేసి పరుగెత్తింది.

నిమ్మకాయలు ఎవరైనా తీస్తారని బండి అక్కడే ఎదురుచూసింది. కదలని బండి దిక్కులేని బండి కిందే లెక్క గనక మునిసిపల్ యార్డువాళ్ళు ఎత్తుకుపోయారు. ఉంచినందుకు అద్దె రాబట్టుకోవాలని అమ్మేశారు కూడా.

నూకరత్నం కోర్టు చుట్టూ తిరగ్గా తిరగ్గా, అమ్మడం తప్పేనని తీర్పొచ్చింది.

"నీ బండి నీకొచ్చీసింది గదా, ఇంకేటి?" అన్నాడు యార్డు గుమాస్తా.

బండికి తెల్లరంగు వేశారు. ఐసుపెట్టె ఇంకాస్త పొడుగైంది. కొన్నవాళ్ళు దేనికి వాడారో అతను చెప్పలేదు, ఆమె అడగలేదు.

మర్నాడు పెట్టెనిండా వంజరాలు పోసుకుని పాత వీధుల్లోకి వెళ్ళింది. "చేపలమ్మో!" అని ఆమె కేకెయ్యగానే బండి నెమ్మదించి, దానంతటదే శంఖం ఊదింది. అరుగుల మీదివాళ్ళు లేచి నిలబడ్డారు. ఎప్పుడూ ఆమె దగ్గరే కొనే ముసలి కుప్పమ్మ గిన్నె కొంగుచాటున దాచుకుంది.

"మా ముసిలోణ్ణి కాటికి ఇందులోనే గదే అట్టుకెళ్ళారు, రత్నం."

బండి ఆ గుమ్మాన్ని గుర్తుపట్టి ఆగింది. వెనక తలుపు తెరిచి, ఎవరినో ఎక్కిస్తారని ఎదురుచూడసాగింది.