భర్త పేరుతో వచ్చినవాడు

"ఇసబీర్యే ఎవరయ్యా?" నర్సు పిలిచింది.

బలిదావా కదల్లేదు. కగోయా మోచేత్తో పొడిచింది. "నువ్వే. లే."

గర్భిణి మొగుడితో వస్తేనే ఆ ఆసుపత్రిలో ముందు చూస్తారు. లారీ నడిపే మొగుడు ఇసబీర్యే రానన్నాడు. అందుకని కడుపుతో ఉన్న కగోయా బైకు టాక్సీ నడిపే బలిదావాను తెచ్చి కూర్చోబెట్టి, భర్త పేరే రాయించింది. ఇద్దరి రక్తమూ తీసి అరగంటైంది.

నర్సు తలుపు మూసింది. "అమ్మా, నీకు హెచ్ఐవీ లేదు. నీ భర్తకు ఉంది."

బలిదావా నవ్వబోయాడు. "నిన్న పది బస్తాలు మోశాను సిస్టర్. నాకేంటి?"

"మందులు వాడితే రేపూ మోస్తావు." నర్సు కగోయా వైపు తిరిగింది. "ఇతను ముందెప్పుడైనా పరీక్ష చేయించుకున్నాడా?"

"లేదు."

"నెలకెన్నాళ్లు ఇంట్లో ఉంటాడు?"

"నాలుగు రోజులు."

"మిగతా రోజులు ఎవరి దగ్గర?"

కగోయా బలిదావా వైపు చూసింది. ఇంతసేపూ తాను చెప్పింది ఇసబీర్యే సంగతి.

"నీకూ బిడ్డకూ రాకుండా రోజూ వేసుకునే మాత్ర ఉంది. మొదలుపెడదామా?"

"ఇవ్వండి. ముందు ఆ పేరు కొట్టేయండి. ఇతను బలిదావా. నా మొగుడు కాదు."

"ఊరుకో అక్కా!" అన్నాడు బలిదావా.

"ఆ పేరు మీద నీకు మందులెలా వస్తాయిరా?"

నర్సు కలం పక్కన పెట్టింది. "మొగుడు కాకపోతే నీకు మాత్రెందుకు?"

"నా మొగుడు శనివారం వస్తున్నాడు సిస్టర్."