చెట్ల మాస్టారు

"ఆ పొదల మీద చెయ్యి వేయకండమ్మా. మీకు దణ్ణం పెడతాను."

రంపం పట్టుకున్న కూలీలు ఆగిపోయారు.

అపార్ట్‌మెంటు సంఘానికి సెక్రటరీ, అందరి నోటా సెక్రటరమ్మ అయిన ఆవిడ గేటు వైపు తిరిగింది. ముక్కూమొహం తెలియని మనిషి. చేతిలో సంచీ, చెమటతో తడిసిన చొక్కా.

"ఎవరండీ మీరు? ఏ సంఘం తరఫున వచ్చారు?"

"సంఘమేమీ లేదమ్మా. రోడ్డు మీద పడ్డ వాన నీళ్లు ఇన్నాళ్లూ ఈ పొదల్లో ఆగి, ఈ చెట్ల మొదళ్లలోనే ఇంకిపోతున్నాయి. ఇవి తీసేసి సిమెంటు పోస్తే ఆ నీళ్లన్నీ పల్లానికి పరిగెడతాయి."

"పరిగెత్తనివ్వండి."

"పోనీ, చెట్లు కొట్టేయండి. ఈ పొదల వరసన్నా ఉంచండి..."

"చూడండి, కార్లు పెట్టుకోడానికి చోటు లేక రోజూ తగువులే. తీర్చలేక నా తలప్రాణం తోకకొస్తోంది. చెట్ల మీద అంత ప్రేముంటే మీ ఇంటి ముందు పెంచుకోండి."

ఆయన ఏదో చెప్పబోయాడు. రంపం మళ్లీ మొదలైంది. మాట ఆ రొదలో కలిసిపోయింది.

తర్వాత కూడా ఆయన గేటు దాకా వచ్చాడు. వాచ్‌మన్ లోపలికి రానివ్వలేదు. పై అంతస్తుల వాళ్లు 'చెట్ల మాస్టారు' అని పేరు పెట్టి నవ్వుకున్నారు. సెక్రటరమ్మ కూడా నవ్వింది.

చెట్లు పోయాయి. పొదలు పోయాయి. మెత్తటి నేలంతా సిమెంటు కింద పడింది. దాని మీద కార్లు బారులు తీరాయి.

ఒక సాయంత్రం కుండపోతగా వాన.

రోడ్డు మీది నీళ్లు ఎక్కడా ఆగలేదు. నున్నటి సిమెంటు మీద జారి, ఏటవాలు దారి పట్టి, నేరుగా సెల్లారులోకి దూకాయి. సెల్లారుకి వెనక హద్దుగా ఉన్న ప్రహరీ గోడకి కొట్టుకుని అక్కడే నిలిచి, పెరగసాగాయి.

"నా కారు! కొత్త కారండీ!" అంటూ మెట్ల మీద ఒకాయన గుండెలు బాదుకుంటున్నాడు.

ఆ గోలలోంచి వాచ్‌మన్ కేక వినిపించింది.

"అమ్మగారూ! మా ఇంటిది లోపలే ఉండిపోయింది! తలుపు రావట్లేదు!"

సెక్రటరమ్మ గబగబా మెట్లు దిగింది. సెల్లారు మూలగదిలోనే వాచ్‌మన్ కాపురం. అతని భార్య పచ్చి బాలింత. గదికి బయటికి తెరుచుకునే ఇనుప తలుపు. బయట నీళ్లు దాన్ని అదిమిపట్టేశాయి.

"మంచం మునిగిపోయింది!" లోపల్నుంచి ఏడుపు. "పిల్లాణ్ణి నెత్తిమీద పెట్టుకున్నా!"

"ఫైరింజను ఏదీ?"

"ఫోన్ చేశాం. రోడ్లన్నీ మునిగాయట."

నడుంలోతు నీళ్లు తోసుకుంటూ ఎవరో లోపలికొచ్చారు.

"వెనక గోడ పగలగొట్టండి."

చెట్ల మాస్టారు.

"గోడ అవతల పల్లం. నీళ్లు అటు పోతే తలుపు దానంతటదే వస్తుంది."

"మీటింగు పెట్టకుండా ప్రహరీ గోడ పగలగొట్టడమేమిటండీ?" అన్నాడు కారాయన.

"మీటింగు తర్వాత పెట్టుకుందాం!" సెక్రటరమ్మ అరిచింది. "కొట్టండి ముందు!"

వాచ్‌మన్ ఎక్కణ్ణుంచో సమ్మెట తెచ్చి ఎత్తాడు.

"ఆగు."

చెట్ల మాస్టారు జేబులోంచి ప్లాస్టిక్ కవరులో చుట్టిన ఫోను తీశాడు. అటు తిరిగి, ఎవరితోనో గొంతు తగ్గించి మాట్లాడసాగాడు.

సెక్రటరమ్మకి ఒళ్లు మండిపోయింది. "ప్రాణాలు పోతుంటే ఇప్పుడు కబుర్లా! అసలు మీకు మనసుందా?"

ఆయన ఆవిడ వైపు చూడలేదు. అవతలి మనిషి ఏదో చెబుతుంటే చివరిదాకా విన్నాడు. ఫోను జేబులో పెట్టుకుని, వాచ్‌మన్ చేతిలోంచి సమ్మెట అందుకున్నాడు.

మొదటి దెబ్బ తనే వేశాడు.

ఇటుక కదిలింది. మరో దెబ్బ. గోడ బీటలు వారి, భళ్లున కూలింది. నీళ్లు ఒక్క ఉరుకున బయటికి దూకాయి. వాటితోపాటు కొట్టుకుపోబోయిన వాచ్‌మన్‌ని చొక్కా పట్టి వెనక్కి లాగాడాయన.

తలుపు వచ్చింది.

బాలింత గోడ పట్టుకుని బయటికొచ్చింది. పిల్లాడు కెవ్వుమన్నాడు. ఆ ఏడుపు చెవిన పడ్డాక గానీ మెట్ల మీదివాళ్లకి ఊపిరాడలేదు. సెక్రటరమ్మ పిల్లాణ్ణి అందుకుని కొంగుతో చుట్టి గుండెలకి హత్తుకుంది.

"మాస్టారేరీ?"

వాచ్‌మన్ గోడకి పడ్డ గండి చూపించాడు. ఆయన అందులోంచి దిగి, నీళ్ల వెంటే పల్లంలోకి పోతున్నాడు.

"మాస్టారూ! అటెక్కడికండీ?"

పిల్లాణ్ణి తల్లి చేతికిచ్చి, ఆవిడ గండిలోంచి వంగి చూసింది. ఇన్నేళ్లుగా కాపురం ఉంటున్నా ఆ గోడ అవతల ఏముందో ఎప్పుడూ చూసింది కాదు.

ఒక చిన్న ఇల్లు. సెల్లారులోంచి పోయిన నీళ్లు దాని వీధి తలుపు ఊడగొట్టి లోపల కిటికీల ఎత్తున నిలిచాయి. గుమ్మంలోంచి ఒక పరుపు, బడి సంచీ, వంటింటి డబ్బాలు తేలుతూ బయటికొస్తున్నాయి.

డాబా మీద వానలో తడుస్తూ, ఒక ముసలమ్మని చెరోపక్కా పట్టుకుని ఒకావిడా, ఒక చిన్నపిల్లా నిలబడ్డారు. ఆ పిల్ల ఆయన్ని చూసి అరిచింది. "నాన్నా! నువ్వు ఫోన్ చెయ్యగానే నానమ్మని పైకెక్కించేశాం, ఇంకేమీ తెచ్చుకోలేకపోయాం నాన్నా!"