అద్దాల ఓణీ

"ఓణీ అట్ల ఏసుకోరు సామీ."

రాజారత్నం కెమెరా మీంచి తల ఎత్తాడు.

ఒక ముసలామె. మాసిన తెల్లచీర. నెత్తిన కట్టెల మోపు.

చంద్రగిరి కోటలో రాజమహల్ ముందు ఫోటోలు తీస్తున్నారు. 1979 కొత్త క్యాలెండరుకు 'అడవిబిడ్డ అందం' కావాలని మద్రాసు బట్టల కంపెనీ ఒకటి అడిగింది. తిరుపతిలో చిన్న స్టూడియో నడిపే రాజారత్నానికి అంత పెద్ద పని రావడం అదే మొదలు. సుగాలీల పావడ, రవిక, అద్దాల ఓణీ పాతసామాన్ల అంగట్లో సంపాదించాడు. మోడల్ పంకజాక్షి మద్రాసు నుంచి వచ్చింది. మేకప్ సుబ్బన్న పొద్దున్నుంచి ఆమె ముఖానికి నలుపు పూస్తూనే ఉన్నాడు.

"నీకేం తెలుసు? పో పో, ఎండ పోతుండాది," అని సుబ్బన్న కసిరాడు.

ముసలామె కదల్లేదు.

"అద్దాల పట్టీ నొసటి మీదికి రావల్ల. మీరు వీపుకు ఏలాడదీసినారు."

"రానీండి సార్," అంది పంకజాక్షి. "మీకెవరికీ చేతకాలేదు గదా."

ముసలామె మోపు దించింది. చేతులు చీరకు తుడుచుకుంది. ముందుగా ఆ పిల్ల ముఖం మీది నలుపును తడిగుడ్డతో తుడిచేసింది.

"మేమేమన్నా మసి పూసుకుంటామా తల్లీ?"

పంకజాక్షి పకపకా నవ్వింది.

ముసలామె ఆ పిల్ల చెంపలకు రెండు వైపులా సన్నటి జడలు అల్లింది. ఓణీని కళ్లకు బాగా దగ్గరగా పెట్టుకుని, అద్దాలు ఒక్కొక్కటే వేలితో తడిమి, నెత్తిన కప్పింది.

"నువ్వూ సుగాలీవేనా అవ్వా? మరి ఇట్లాంటివి కట్టుకోవేం?"

"మొగుడు పోయినాక అద్దాలు కట్టం తల్లీ."

పంకజాక్షి ఆమె చెయ్యి పట్టుకుంది. "సార్, అవ్వను పక్కన నిలబెట్టి ఒకటి తీయండి."

"క్యాలెండరుకు ఆమె ఎందుకమ్మా? అవ్వా, కొంచెం అవతలికి జరుగు."

ఆమె జరిగింది.

పని ముగిశాక రాజారత్నం ఐదు రూపాయలు ఇవ్వబోయాడు.

"దుడ్డు వద్దు సామీ. ఫోటో ఒకటి ఇయ్యి."

"నీకెందుకవ్వా ఆ అమ్మి ఫోటో?"

"ఓణీ బాగా కనపడేది ఇయ్యి సామీ."

రాజారత్నం నవ్వాడు. "సరే, తిరుపతికి రా. గాంధీ రోడ్డులో మా స్టూడియో. ఇస్తాలే."

క్యాలెండరు వచ్చింది. ఏ అంగట్లో చూసినా అదే. ఆ ఫోటోకు హైదరాబాదులో బహుమతి కూడా వచ్చింది. సన్మానసభలో రాజారత్నం, "అడవిలో దాగిన అందాన్ని వెలికి తీసినవాణ్ణి నేను," అన్నాడు. చప్పట్లు కొట్టారు.

ఒకరోజు భార్య దేవకమ్మ డార్క్‌రూము తలుపు తట్టింది.

"ఎవరో కట్టెలామె వచ్చుండాది. ఫోటో ఇస్తానన్నావంటనే?"

"పెండ్లిండ్ల పని తలమీదుంటే ఇదొకటి. మళ్లీ రమ్మను."

ఆమె ఇంకో రెండుసార్లు వచ్చినప్పుడూ అదే చెప్పించాడు.

మరుసటి ఏడు మద్రాసు నుంచి ఉత్తరం వచ్చింది. ఆ ఓణీ మీది కుట్టుపని తమ చీరల మీద వేయించాలట. కుట్టినామెను వెతికి తెస్తే ఆమె పేరు, ఆమె బొమ్మ కూడా చీరల మీది చీటీలో అచ్చువేస్తారట.

పాతసామాన్ల అంగడి శాంతయ్యను అడిగితే, రంగంపేట అవతల కొండ కింది తాండా అని చెప్పాడు. బస్సు దిగి, క్యాలెండరు చంకన పెట్టుకుని రాజారత్నం మూడు మైళ్లు నడిచాడు.

తాండాలో మొదటి ఇంటి ముందు మిల్లుచీర కట్టుకున్న పడుచుపిల్ల జొన్నలు చెరుగుతోంది. పేరు సోనీబాయి. అతను క్యాలెండరు విప్పి ఆమె ముందు పరిచాడు.

"ఈ ఓణీ కుట్టినామె ఎవురమ్మా?"

ఆ పిల్ల చేట పక్కన పెట్టింది. బొమ్మలోని అద్దాలను వేలితో తాకింది.

"మా అవ్వ సామీ. మూడేండ్లు కూర్చోని కుట్టింది."

"పిలువమ్మా. మంచి కబురు తెచ్చినాను."

"పోయిన కార్తీకంలో పోయింది సామీ."

రాజారత్నం అక్కడే అరుగు మీద కూర్చున్నాడు.

"మీలో ఎవరికన్నా ఈ కుట్టు వస్తాదా?"

"రాదు. అవ్వకొక్కదానికే వచ్చేది. మాకు నేర్పించాలని శానా తపన పడింది. కండ్లు మసకలైపోయె, కొత్తది కుట్టలేకపోయె. ఇదన్నా ఉంటే చూపించి చెప్పేది. కరువులో అమ్ముకుంటిమి."

"మరి ఓణీ లేకుండా ఎట్ల నేర్పాలనుకునింది?"

సోనీబాయి క్యాలెండరు మీంచి చూపు తిప్పలేదు.

"ఫోటో చూపించి సామీ. కోట కాడ ఎవురో మద్రాసు అమ్మికి దీన్ని తన చేత్తోనే కప్పి, ఫోటో ఇస్తామంటే నమ్మి, మూడు దఫాలు తిరుపతికి నడిచిపోయి వట్టి చేతుల్తో వచ్చింది మా అవ్వ."