ముఖం చూపించమన్న కంప్యూటర్

నిదానంగా రాసేదాన్ని, తప్పులుంటే మన్నించండి.

మారెమ్మ మొగుడు వెంకటరాయప్ప తాను పాడిన పాటలన్నీ తన ల్యాప్‌టాప్‌లో దాచి చనిపోయాడు. కంప్యూటర్ అంగడి మోహన్‌కుమార్ అందులో కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ వేసిచ్చాడు. ఇదివరకు నేరుగా తెరుచుకునేది, ఆ రాత్రి మాత్రం యజమాని ముఖం చూపించమంది. మారెమ్మ మండిపడి అతనికి ఫోన్ చేసింది.

"పాటలన్నీ భద్రంగా ఉండాయమ్మా. అయ్య ఎప్పుడో పెట్టుకున్న మొగం గుర్తు కూడా చెరపలేదు."

"పోయి ఏడాదాయ. ఆ మొగం యాడనుంచి తెద్దునప్పా?"

ఫోన్ పెట్టేసి ల్యాప్‌టాప్‌ను విసురుగా ఆయన ఖాళీ మంచం వైపు తోసింది. టింగుమని తెర తెరుచుకుంది. "స్వాగతం, వెంకటరాయప్ప" అంది.

మారెమ్మ నడుముకు చేతులు పెట్టుకుంది.

"ఇంట్లోనే ఉండి ఏడాదంతా ఏడిపించినావా నన్ను?"

జగడం మధ్యలో ఆయన గోడవైపు తిరిగి పడుకునేటప్పటిలాగే, మంచం కిర్రుమంది.

— చెన్నమ్మ, 66 ఏండ్లు, ఇప్పుడు ఉండేది పీణ్య.