సాఫ్ చేసిన పాట

ఫ్యాన్ వేయగానే సంతకాల కాగితాలు లేచిపోయాయి.

రెండు బల్ల కిందికి పోయాయి. వినీత వంగబోయింది.

ఎవరో ముసలాయన ముందే వంగి తీశాడు. బల్ల మీద సర్దాడు. అంగీ జేబులోంచి రెండు బండ ముక్కలు తీసి వాటి మీద పెట్టాడు. అరచేయంత కూడా లేవు. అంచులు అరిగి నున్నగా ఉన్నాయి.

"తాండూరోళ్ల జేబులల్ల గూడ బండలే ఉంటయా?" అన్నాడు కిష్టప్ప.

హాల్లో ఉన్న నలభైమంది నవ్వారు. ముసలాయన కూడా నవ్వాడు.

ఆ రోజు ఇంద్రమ్మ పాటల గ్రూపుకు ఆఖరి రోజు.

పదమూడేళ్ల కింద వికారాబాద్‌లో డిగ్రీ చదువుతూ వినీత ఫేస్‌బుక్‌లో దాన్ని మొదలుపెట్టింది. తాండూరు ఇంద్రమ్మ నాట్లల్లో, బండల గనుల్లో పాడిన పాటలంటే ఆమెకు ప్రాణం. ఇంద్రమ్మ పోయి చాలా ఏళ్లయింది. ఎవరింట్లో క్యాసెట్ ఉంటే వాళ్లు పంపారు. అన్నీ కాపీకి కాపీలు. అట్టల మీద పెన్ను రాతలు.

ప్రతి పాట వెనకా ఏదో టక్కుటక్కుమనే చప్పుడు. పక్కన బండలు కొడుతుంటే రికార్డు చేశారని అందరూ అనుకున్నారు.

సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసే కిష్టప్ప, వినీత కలిసి మూడేళ్లు కంప్యూటర్ ముందు కూర్చున్నారు. ఆ చప్పుడు తీసేశారు. నూట పద్నాలుగు పాటలు. ఇప్పుడు గొంతు ఒక్కటే.

చేయాల్సిన పని అయిపోయింది. వచ్చినవాళ్లందరికీ సాఫ్ చేసిన పాటలు పెన్‌డ్రైవులో ఇచ్చి, అయిదింటికి గ్రూపు మూసేద్దామనుకున్నారు. దిగులుతో కాదు. బిడ్డ పెళ్లి బాగా చేసి పంపినట్టు.

"నీ పేరేంది తాతా?" అంది వినీత, సంతకాల కాగితం చూస్తూ.

"జహూర్. యాలాల్ నుంచి వచ్చిన."

కిష్టప్ప లేచి నిలబడ్డాడు. "ఏడుపు తాతా! నువ్వేనా?"

మళ్లీ నవ్వులు. సాఫ్ చేసిన పాట పెట్టిన ప్రతిసారీ కింద జహూర్ అనే పేరు మీద ఒక ఏడుపు బొమ్మ వచ్చేది. మాట లేదు, ముచ్చట లేదు. బొమ్మ ఒక్కటే. గ్రూపులో అందరూ ఆయనకు ఆ పేరు పెట్టేశారు.

"ఎందుకు తాతా గట్ల ఏడుస్తవ్? పాట పెట్టంగనే నీ బొమ్మ హాజరు!" అన్నాడు కిష్టప్ప.

"రాయరాదు బిడ్డా. గా బొమ్మ ఒక్కటే దొరికింది."

ఆయన్ను చూస్తే వినీతకు ముద్దొచ్చింది. కుర్చీ వేసింది. లడ్డు ఇచ్చింది. పెన్‌డ్రైవు చేతిలో పెట్టింది.

ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"బిడ్డా, సప్పుడున్న పాట ఒక్కటి ఉందా? దానికోసమే వచ్చిన."

"అయ్యో తాతా! గా సప్పుడు తీసెతందుకే మాకు మూడేండ్లు పట్టింది."

"ఒక్కటి చాలు."

"ఒక్కటి గూడ లేదు తాతా. క్యాసెట్లు బూజు పట్టినయ్, పారేసినం. కంప్యూటర్ల జాగ లేక పాతయన్నీ తుడిచేసినం."

ఆయన తలూపాడు.

"బండల పని చేసినవా తాతా?"

"ముప్పై ఏండ్లు. పాలిషింగ్‌ల."

పాపం, పనిచేసిన చోటి చప్పుడు మీద మనసు, అనుకుంది వినీత.

"ఇప్పుడు వింటుంటె ఆమె ఒక్కతే పాడుతున్నట్టుంది బిడ్డా," అన్నాడాయన.

"ఒక్కతే గద తాతా పాడింది!"

ఆయన ఏదో చెప్పబోయాడు. అంతలో మైకులో వినీతను పిలిచారు.

ఆమె మాట్లాడి దిగేసరికి ఆయన గుమ్మం దగ్గరున్నాడు.

"పోతున్న బిడ్డా. తర్వాత ఆటోల జాగ దొరకదు." పెన్‌డ్రైవు ఆమె చేతిలో పెట్టాడు. "గిది ఇంకెవరికన్న ఇయ్యి."

"తాతా, నీ బండలు మరిచిపోతున్నవ్!"

"ఉండనియ్యి. కాగితాలు ఎగురుతయ్."

ఆటో కదిలిపోయింది.

అయిదింటికి వినీత ఫోన్ నొక్కింది. గ్రూపు పోయింది. అందరూ చప్పట్లు కొట్టారు. కొందరు కళ్లు తుడుచుకున్నారు.

అప్పుడొచ్చింది గ్రూపులో పెద్దావిడ బషీరాబాద్ సత్యమ్మ, రొప్పుకుంటూ.

"బస్సు పాడుగాను! అయిపోయిందా బిడ్డా? గిది చూడు, మా ఆయన కొన్నది. పెట్టె అడుగున దొరికింది."

కంపెనీ క్యాసెట్. అచ్చు వేసిన అట్టతో సహా. అలాంటిది వినీత ఎప్పుడూ చూడలేదు.

ఇంద్రమ్మ ఫోటో ముందు అలంకారానికి పెట్టిన పాత టేప్‌రికార్డర్‌లో కిష్టప్ప దాన్ని వేశాడు.

టక్. టక్‌టక్. టక్.

కాపీల్లో రోట్లో దంచినట్టు వినబడ్డ చప్పుడు ఇందులో గంటలా మోగింది. ఇంద్రమ్మ గొంతు పైకి పోతే అది ఆగింది. గొంతు దిగగానే వచ్చి అందుకుంది. హాల్లో ఒక్కొక్కరి కాలూ కదలసాగింది.

"పెద్దమ్మా, గిదే... గీ సప్పుడే మేము తీసేసినం," అన్నాడు కిష్టప్ప మెల్లగా.

"సప్పుడేందిరా? తాళం! అది పడందే ఇంద్రమ్మ నోరు తెరిచేదా?"

"ఎవరు పెద్దమ్మా, కొట్టేది?"

"పేరు నాకేమెరుక? అట్ట మీద రాసుంటది, సదువుకో."

వినీత కళ్లు బల్ల మీదికి పోయాయి. ఫ్యాన్ తిరుగుతూనే ఉంది. ఒక్క కాగితమూ ఎగరడం లేదు.

ఆమె అట్ట తిప్పింది. వెనక, అడుగున, చిన్న అక్షరాల్లో ఉంది: 'పాట: ఇంద్రమ్మ. రాళ్లు: జహూర్.'