నవ్వు కాదు

ఆ ముసలావిడ మళ్ళీ ఎర్ర మీటే నొక్కింది.

జెర్లిన్ పొద్దుట్నుంచి కాలు కాలిన పిల్లిలా ఆ కుర్చీల వరస వెంట తిరుగుతోంది. మంచినీళ్ళు కూడా నిలబడే తాగింది.

మనీలాకి దూరంగా ఇలోయిలో అనే ఊళ్ళో, ఆ మూడో అంతస్తు గదిలో, ఇరవైమంది కూర్చుని కంప్యూటరుకి హాస్యం నేర్పుతున్నారు. ఎవరివో ఫోను మాటలు. పేర్లూ, అవతలివాళ్ళ గొంతూ తీసేసి, చిన్న ముక్కలుగా వస్తాయి. జోకనిపిస్తే పచ్చ మీట, 'నవ్వు'. కాకపోతే ఎర్ర మీట, 'నవ్వు కాదు'. ఒక్కో ముక్కని ఐదుగురు వింటారు. ఎక్కువమంది ఏమంటే అదే కంప్యూటరుకి పాఠం.

ఐదుగురి మాటా నూటికి తొంభైసార్లు కలవాలని పని ఇచ్చినవాళ్ళ షరతు. రేపు సాయంత్రం గడువు. కలవకపోతే పని మనీలాకి పోతుంది, ఇరవైమందీ ఇంటికి పోతారు. అందరికంటే ముందు పోయేది పై మనిషి జెర్లినే.

లెక్క ఎనభై నాలుగు దగ్గర కూర్చుని కదలనంటోంది.

అంతా ఆ ముసలావిడ వల్లే, అందరూ నానాయ్, అంటే అమ్మా, అని పిలిచే పురింగ్ వల్లే. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి.

అరవై దాటిన మనిషి. చేరి నెలయింది. ఇంతకుముందు ఏం చేసేవారంటే, 'ఫోన్లు ఎత్తడం' అని కాగితం మీద రాసింది. కాల్ సెంటరులో ఫోన్లు ఎత్తనివాళ్ళు ఈ ఊళ్ళో ఎవరున్నారని జెర్లిన్ ఇంకేమీ అడగలేదు.

ఆవిడకి ఒకటే చాదస్తం. ఎదురైన ఆడపిల్లనల్లా "తిన్నావా, ఇందాయ్?" అనీ, మగపిల్లాణ్ణల్లా "తిన్నావా, తోతో?" అనీ ఆ బొంగురుగొంతుతో అడిగేది. జవాబు చెప్పేదాకా వదిలేది కాదు.

"ఏది నానాయ్, ఆ ముక్క నన్నూ విననివ్వండి," అంది జెర్లిన్.

ఎవరో మగమనిషి, హుషారుగా మాట్లాడుతున్నాడు.

"నా పందెంపుంజుని మా బావమరిదికి ఇచ్చేశాను మేడమ్. నాకంటే అదే నయం. ఓడిపోతే కూరకైనా పనికొస్తుంది."

పక్క కుర్చీలో రోడెల్ పగలబడి నవ్వాడు. జెర్లిన్‌కీ నవ్వాగలేదు.

"దీనికి కూడా నవ్వు కాదంటారేమిటి నానాయ్? చచ్చినవాడు కూడా లేచి నవ్వుతాడు."

"లేవడు, ఇందాయ్," అంది ఆవిడ మెల్లగా.

"అది కాదు నానాయ్..."

"ఈ ఊరి మగాడు ఇల్లయినా రాసిస్తాడు గానీ పందెంపుంజుని ఊరికే ఇస్తాడా? ఎందుకిచ్చాడో ఎవరూ అడగరేం?"

"అడగడం మన పని కాదు. నవ్వొచ్చిందా, లేదా. అంతే."

"మనవాళ్ళకి దేనికి నవ్వు రాదమ్మా? శవం పక్కన పేకాడుతూ కూడా జోకులేసుకుంటాం. కన్నీళ్ళు పెట్టుకుంటే సిగ్గు మనకి. అందుకే నవ్వుతూ చెప్పుకుంటాం. కంప్యూటరుకి ఆ సంగతి ఎవరో ఒకరు చెప్పాలి కదా."

రోడెల్ తల గోక్కున్నాడు. "నానాయ్, మీరు ఒక్క పచ్చ మీట నొక్కండి, నేను చల్లగా ఒక గ్లాసు హలో-హలో ఐసు కొనిపెడతాను."

ఆవిడ నవ్వింది, మీట మాత్రం మార్చలేదు.

జెర్లిన్ గడియారం చూసింది. తెర మీద లెక్క చూసింది. ఆవిడ ముఖం మాత్రం చూడలేకపోయింది.

"రేపట్నుంచి రావద్దు నానాయ్. ఇరవైమంది పొట్ట కదా. ఏమనుకోకండి."

"ఏమనుకోనులే." ఆవిడ సంచీ సర్దుకుంది. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. "పొద్దుట్నుంచి తిరుగుతూనే ఉన్నావు. తిన్నావా, ఇందాయ్?"

జెర్లిన్ అప్పటికే తెర వైపు తిరిగింది.

ఆవిడ నెల రోజులు పెట్టిన గుర్తులన్నీ జెర్లిన్ ఒక్క నొక్కుతో చెరిపేసింది. లెక్క తొంభై మూడుకి ఎగిరింది. గదంతా చప్పట్లు. రోడెల్ అందరికీ పాన్సిత్ నూడుల్స్ తెప్పించాడు.

జెర్లిన్‌కి మాత్రం ముద్ద దిగలేదు. ఎందుకో తెలియని చిరాకు మూడు వారాలు ఆమెను వదల్లేదు.

నాలుగో వారం పని ఇచ్చిన కంపెనీ మనిషి, సర్ అర్నుల్ఫో, కంప్యూటరు నడుస్తున్న తీరు చూపించడానికి వచ్చాడు.

"ఇంతకీ ఎవరి ఫోన్లు సర్ అవి?" అంది జెర్లిన్.

"బతకడం ఇష్టంలేనివాళ్ళు ఆఖరిగా చేసే ఫోన్లు. ఓదార్చేవాళ్ళు తక్కువ, ఫోన్లు ఎక్కువ. అందుకే వరస పెట్టే పని దీనికిచ్చాం. ఏడ్చేవాళ్ళని ముందుకి తెస్తుంది, జోకులేసేవాళ్ళని ఆగమంటుంది. సోమవారం నుంచి నడుస్తోంది."

తెర అడుగున, ఇంకా ఆగి ఉన్నవాళ్ళ లెక్క ఉంది. పదిహేడుమంది.

జెర్లిన్ ఆ అంకెనే చూస్తూ అడిగింది.

"అంతకుముందు ఈ వరస ఎవరు పెట్టేవారు సర్?"

"ఒకావిడ, ఇరవైరెండేళ్ళు చేసింది. కంప్యూటరు వచ్చాక అవసరం లేదని పంపించేశారు. అక్కడ పనిచేసినట్టు బయట చెప్పకూడదని వాళ్ళకో ఒట్టు ఉంటుంది. పేరు నాకూ తెలియదు."

"పందెంపుంజు మాట ఒకటుంది సర్. అది మొత్తం, రెండు గొంతులతో వినాలి."

అతను వెతికి తీశాడు. దాని కింద ఒక మాట రాసి ఉంది: రెండు గంటలు మాట్లాడారు, మనిషి దక్కాడు.

"...ఓడిపోతే కూరకైనా పనికొస్తుంది," అని పుంజు మనిషి నవ్వాడు.

అవతల ఎవరూ నవ్వలేదు. ఒక బొంగురుగొంతు మెల్లగా అడిగింది: "తిన్నావా, తోతో?"